తరంగాలు అమ్మారు.. సిగ్నలేదీ?

రాజపాళయంలో రాజుల ఇళ్లలో మాట తెలుగు, వీధిలో మాట తమిళం. శతాబ్దాల కిందట తెలుగుగడ్డ నుంచి తరలివచ్చిన కుటుంబాలవి. పిల్లలు చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో ఉంటే పెద్దలకు సెల్‌ఫోనే దిక్కు. అది పలకాలంటే గాలిలో దారి కావాలి. ఆ దారే స్పెక్ట్రం. దాన్ని ఎవరికి, ఎంతకు, ఏ షరతు మీద ఇస్తున్నారన్నదే అసలు సంగతి.

2008లో ‘ముందొచ్చినవారికి ముందు’ అంటూ 2001 నాటి ధరకే 122 లైసెన్సులిచ్చారు. 2012లో సుప్రీంకోర్టు అన్నిటినీ రద్దు చేసింది. 2010లో 3జీకి వేలం పెడితే ఖజానాకు దాదాపు రూ.67,719 కోట్లు వచ్చాయి. వేలమే మేలని తేలింది. సరే.. మరి వేలంలో అత్యాశ మాటేమిటి?

700 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది. తక్కువ టవర్లతో పల్లెలను కలుపుతుంది. 2016లో మెగాహెర్ట్జ్‌కు రూ.11,485 కోట్ల కనీస ధర పెట్టారు. ఒక్కరూ కొనలేదు. 2021లో తగ్గించినా అంతే. 2022లో రూ.3,927 కోట్లకు దించాకే జియో కొంది. ఆరేళ్లు ఆ తరంగం గాలికే పోయింది. ఖజానాకు రాలేదు, పల్లెకూ రాలేదు!

పొరుగున చూడండి. సముద్రం అవతలి శ్రీలంకలో 2006లోనే డయలాగ్ సంస్థ 3జీ మొదలెట్టింది. మన ఎంటీఎన్ఎల్ ఢిల్లీలో ప్రారంభించేసరికి 2008 డిసెంబరు. ప్రైవేటు కంపెనీలకు 2010 వేలం దాకా ఆగాల్సి వచ్చింది. రక్షణ శాఖ తన తరంగాలు ఖాళీ చేయడంలో జరిగిన జాప్యమూ ఇందుకో కారణం. బంగ్లాదేశ్ 2013లో, పాకిస్థాన్ 2014లో 3జీకి వేలం బాటే పట్టాయి. అంటే తప్పు వేలానిది కాదు. ఎంత వచ్చిందన్నదే చూసి, ఎప్పుడిచ్చాం, ఎక్కడిదాకా చేరిందన్నది చూడకపోవడమే తప్పు.

మన దేశంలో తరంగాలను 22 సర్కిళ్లుగా అమ్ముతారు. తమిళనాడంతా ఒకటి. రాష్ట్రాలు రెండయినా ఆంధ్ర, తెలంగాణ కలిపి ఇంకా ఒకటే. ఇంత పెద్ద లెక్కలో కొండకింది పల్లె ఎవరికి కనపడుతుంది? అందుకే విస్తరణ షరతులు ఊళ్ల పేర్లతో సహా ఉండాలి. సరైన కారణం లేకుండా వాడని స్పెక్ట్రాన్ని వెనక్కి తీసుకునే అధికారం 2023 టెలికం చట్టం కేంద్రానికి ఇచ్చింది. దాన్ని కాగితం మీద ఉంచితే ఏం లాభం? గాలి అందరిదీ. కొన్నవాడు వాడాలి, లేదా వదలాలి.