దాచిన అట్టలు, పంచిన అట్టలు



ఈ నెల ముచ్చట కంప్యూటర్ల గురించి. నవ్వకండి. నాలుగో తరగతి చదివి, నలభై ఏండ్లు మగ్గాల మోతలో బతికిన మనిషికి కంప్యూటర్ సంగతి ఏం తెలుసని మీరు అడగొచ్చు. తెల్వదు, నిజమే. మగ్గం సంగతి తెలుసు. మగ్గం తెలిసినందుకే ఇది కూడా కొంత తలకెక్కింది. ఎక్కినంత చెప్తా.

మా పెద్దబిడ్డ కూతురు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదివింది. ఇక్కడే షోలాపూర్‌లో ఒక నూలు దుకాణంలో లెక్కలు రాసే నౌకరీ చేస్తది. ఆరు నెలల కింద ఒకనాడు రాత్రి అన్నం తినుకుంట, "తాతా, నేను సొంతంగ పని మొదలుపెడత. టవల్ కార్ఖానాలకు కంప్యూటర్ మీద లెక్కలు పెట్టిచ్చే పని" అన్నది. పెట్టుబడి ఎంత బిడ్డా అని అడిగిన. "సాఫ్ట్‌వేర్‌కు పైసా అక్కర లేదు తాతా, అది ఓపెన్ సోర్స్, ఫ్రీగ దొరుకుతది. ఒక లాప్‌టాప్ కొంటే చాలు" అన్నది.

మా బిడ్డ బీడీల చేట పక్కకు పెట్టింది. "ఫ్రీగ దొరికేదాన్ని నీ దగ్గర ఎవరు కొంటరే?" అన్నది. ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు. లాప్‌టాప్‌కు అడుగుతున్న డబ్బు పదేండ్ల నుంచి బీడీలు చుట్టి చిట్టీ కట్టి కూడబెట్టింది. పిల్ల పెండ్లికని దాచింది.

రెండు రోజులు ఇంట్లో ఎవరికీ ఎవరితోటి మాటల్లేవు. చివరికి పిల్లనే ఒక దారి చెప్పింది. ఇట్ల ఓపెన్ సోర్స్ మీద పనిచేసేటోళ్లు, దాని మీద చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకున్నోళ్లు పుణెలో అప్పుడప్పుడు ఒకచోట కూర్చొని మాట్లాడుకుంటరట. దాన్ని మీటప్ అంటరట. ఫీజు లేదు, పేరు ముందుగ రాయించుకుంటే సరి. ఒక్కసారి పోయి చూసొస్త, అక్కడ నమ్మకం కుదరకపోతే మళ్లీ ఈ మాట ఎత్త అన్నది. ఆడపిల్ల ఒక్కతే ఎట్ల పోతది అని వాళ్లమ్మ. సరే, తాత తోడు పోతడు అన్నరు. రిటైరైన మనిషికి పని చెప్పడం అందరికీ సులువే కదా.

శనివారం పొద్దున హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. బండి కదిలినంక అడిగిన, ఓపెన్ సోర్స్ అంటే ఏందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు బిడ్డా అని. పిల్ల ఎదురు అడిగింది: "తాతా, చాదరు మీద పువ్వు ఎట్ల పడుతది?"

"జాకార్డు అట్టలకు తూట్లు కొడతరు. తూటు ఉన్నకాడ పోగు లేస్తది, లేనికాడ లేవదు. అట్టల దండ తిరిగిన కొద్దీ పువ్వు పడుతది" అన్న.

"కంప్యూటర్ ప్రోగ్రాం కూడా గంతే. అదొక అట్టల దండ. చానా కంపెనీలు నేసిన చాదరు అమ్ముతయి, అట్టలు మాత్రం చూపియ్యవు. ఓపెన్ సోర్స్ అంటే అట్టలతోటి సహా ఇచ్చుడు. వాడుకోవచ్చు. విప్పి చూడొచ్చు. మన పనికి తగ్గట్టు తూట్లు మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇయ్యొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కొన్నిటికి ఒక షరతు ఉంటది: నువ్వు మార్చి వేరేటోళ్లకు ఇస్తే, వాళ్లకు కూడా అట్టలు ఇయ్యాలె."

నాకు ఒక్కసారిగ అర్థమైంది. అంతేకాదు, ఇది ఉత్త పోలిక కాదని తర్వాత తెలిసింది. ఫ్రాన్సు దేశంలో జాకార్డు అనే ఆయన చేసిన ఆ అట్టల యంత్రం చూసే, ఇంగ్లండులో బాబేజ్ అనే పెద్దమనిషి లెక్కలు చేసే యంత్రానికి అట్టలు పెట్టాలనుకున్నడట. 1890లో అమెరికా జనాభా లెక్కలు కూడా తూట్ల అట్టల మీదనే చేసిండ్రు. అంటే ఈ కంప్యూటర్‌కు మన మగ్గం ఒక పూర్వీకురాలే.

ఓపెన్ సోర్స్ కథ కూడా పిల్ల చెప్పింది. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన పనిచేసే కాడ ఒక ప్రింటర్‌లో మాటిమాటికి కాగితం ఇరుక్కునేది. దాని ప్రోగ్రాం చేతికిస్తే నేనే సరిచేసుకుంట అని అడిగితే ఇయ్యలేదు. చేతిలో విద్య ఉంది, ముందర యంత్రం ఉంది, అట్టలు మాత్రం తాళం కింద. ఆ కడుపుమంట పెరిగి, 1983లో అందరూ పంచుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తనని ప్రకటించిండు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏండ్ల పిల్లగాడు లినక్స్ మొదలుపెట్టిండు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని అడుగున నడుస్తున్నది ఆ లినక్సే.

పుణెలో మీటింగు ఒక కంపెనీ ఆఫీసులో. ముప్ఫై, నలభై మంది ఉన్నరు. అందరూ పడుచోళ్లే. తెల్ల టోపీ పెట్టుకున్నది నేనొక్కణ్నే. ఒక పిల్లగాడు నన్ను వాచ్‌మన్ అనుకున్నడేమో, లిఫ్టు ఎటు దిక్కు అని అడిగిండు. నాకేం తెలుసు, ఆయన వెనకనే నేనూ వెతికిన.

సగం మాటలు ఇంగ్లీషు, సగం మరాఠీ, హిందీ. ఇంగ్లీషుది నాకు మనవరాలు చెవిలో చెప్పింది. మొదట ఒకతను లేచి తను ఎట్ల నష్టపోయిండో చెప్పిండు. మొదటి గిరాకీకి ఒక్కటే రేటు చెప్పిండట. ఏడాదంతా రాత్రి పదకొండు గంటలకు కూడా వాళ్ల ఫోన్లు ఎత్తిండట. లెక్క చూసుకుంటే రోజు కూలి కూడా గిట్టలేదట. ఆయన తర్వాత ఒకామె తన రేటు ఎట్ల కడతదో బోర్డు మీద రాసి చూపించింది. పెట్టిచ్చే పనికి ఇంత, మునీములకు నేర్పేదానికి ఇంత, ఏడాది పొడుగునా చూసుకునేదానికి ఇంత, కొత్త మార్పులు అడిగితే దానికి వేరే. అంతా ముందే కాగితం మీద రాసుకోవాలె అన్నది.

నేను ఆశ్చర్యపోయిన. మన ధంధాలో ఎవరన్నా నలుగురి ముందు నిలబడి నాకు ఇంత నష్టమొచ్చింది, నా రేటు ఇది అని చెప్తరా? తోడబుట్టినోడికి కూడా చెప్పరు.

వ్యాపారం నడుస్తదా అనే మా బిడ్డ ప్రశ్నకు కూడా అక్కడ జవాబు దొరికింది. ముంబైలో రుషభ్ మెహతా అనే ఆయన ఇంటోళ్లది ఫర్నిచర్ వ్యాపారం. దానికి లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టబోతే కుదరలేదు. తనే రాయడం మొదలుపెట్టిండు, రాసినదాన్ని అందరికీ తెరిచిపెట్టిండు. దాని పేరు ఈఆర్‌పీనెక్స్ట్. ఇప్పుడు ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను తన కంప్యూటర్ల మీద నడిపిచ్చి పెట్టినందుకు, అడ్డం పడ్డప్పుడు సాయం చేసినందుకు పైసలు తీసుకుంటది. మా పిల్ల పెట్టిస్తనన్నది కూడా అదే సాఫ్ట్‌వేర్. అమెరికాలో రెడ్ హ్యాట్ అనే కంపెనీ లినక్స్‌ను కంపెనీల్లో నడిపిచ్చే పని మీదనే పెరిగింది. 2019లో ఐబీఎం దాన్ని 3400 కోట్ల డాలర్లకు కొన్నది. అట్టలు ఊరికే దొరికినా, నేసే చెయ్యికి కూలి ఉంటది.

మధ్యాహ్నం మా పిల్ల లేచింది. గొంతు వణికింది. మరాఠీలో అడిగింది: టవల్ కార్ఖానాలో కూలి నెల జీతం కాదు, డజను లెక్క. నూలు తూకమేసి ఇస్తరు, బట్ట తూకమేసి తీసుకుంటరు, నడుమ పోయింది పోతది. సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎట్ల ఎక్కించాలె?

చాయ్ కాడ ఒక కొల్హాపూర్ పిల్లగాడు దగ్గరికొచ్చిండు. చెప్పుల కార్ఖానాకు జత లెక్క కూలి తను ఇదివరకే రాసిండట. లాప్‌టాప్ తెరిచి, రాసిందంతా చూపించి, ఆమెకు పంపించిండు. గంటసేపు కూర్చొని చెప్పిండు. ఒక్క పైసా అడగలేదు.

నేను ఆగలేకపోయిన. "బాబూ, రేపు ఈమె నీ గిరాకీనే పట్టుకపోతే?" అన్న.

"కాకా, నేను వేరేటోళ్లు రాసినదాని మీదనే ఇది కట్టిన. నాకు నూలు లెక్క తెల్వదు, ఈమెకు తెలుసు. ఈమె బాగుచేసి తిరిగి ఇస్తే నా కార్ఖానాకు కూడా అక్కరకొస్తది" అన్నడు.

అన్నీ ఇట్లనే తియ్యగ ఉంటయని చెప్పను. పెద్ద కంపెనీలు ఊరికే తీసుకొని కోట్లు సంపాదించి ఏమీ తిరిగి ఇయ్యవని అదే మీటింగులో కోపంగ మాట్లాడినోళ్లు కూడా ఉన్నరు.

తిరుగు బండిలో పిల్ల నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేండ్ల వయసులో నేను పనిచేసిన కార్ఖానాలో ఒక డిజైన్ మేస్త్రీ ఉండెటోడు. అట్టలు కొట్టేటప్పుడు తలుపు మూసుకునెటోడు. ఆయన నెమలి చాదరు బజార్లకు వస్తే ఒక్కటి మిగలకపోయేది. నాకు నేర్పు మేస్త్రీ అని ఎన్నోసార్లు అడిగిన. నీ మగ్గం నువ్వు చూసుకో అనెటోడు. ఆయనను తప్పు పట్టను. నలుగురికి తెలిస్తే సేటు తనను తీసేస్తడని భయం. ఆ విద్యే ఆయన అన్నం. ఆయన పోయిన కొన్నాళ్లకు ఆ అట్టల దండలు రద్దీ లెక్క కిలోలకు అమ్ముడుపోయినయి. నెమలి మళ్లీ ఎవరూ నెయ్యలేదు. నేను రిటైరైందాకా మగ్గం మీదనే ఉన్న.

మేస్త్రీ దాచిన గుట్టును అమ్ముకున్నడు. గుట్టు బయటపడితే చేతిలో ఏమీ మిగలదు, అందుకే తలుపు మూసిండు. కొల్హాపూర్ పిల్లగాడు అమ్ముకునేది పని. పని ఎంతమందికి తెలిసినా తరగదు.

ఇంకో సంగతి. జాకార్డు యంత్రాన్ని ఫ్రాన్సు సర్కారు 1806లో అందరి సొత్తని ప్రకటించింది. జాకార్డుకు మాత్రం అన్యాయం చెయ్యలేదు, పింఛను ఇచ్చింది, ఒక్కో యంత్రం మీద ఇంత అని కట్టింది. 1812 వరకే ఆ దేశంలో 11,000 యంత్రాలు నడిచినయి. పని పోతదని లియాన్ ఊరి నేతగాళ్లు యంత్రాలను తగలబెట్టిండ్రు కూడా. కడుపు భయం ఏ దేశంలోనైనా ఒక్కటే. కానీ పంచిన యంత్రం బతికింది, మా మేస్త్రీ నెమలి రద్దీలో పోయింది.

మా ఇంటి సంగతి. కొత్తది కాదు, పాత లాప్‌టాప్ కొన్నం. చిట్టీ డబ్బులో సగం మిగిలింది. పిల్ల నౌకరీ ఇడవలేదు, సాయంత్రాలు ఈ పని చేస్తది. రెండు కార్ఖానాలు దొరికినయి. మొదటి సేటుకు సాఫ్ట్‌వేర్ అమ్మినోళ్లు దుకాణం మూసుకొని పోయిండ్రు, ఐదేండ్ల లెక్కలు అందులోనే ఇరుక్కున్నయి. ఆ దెబ్బ తిన్నడు కాబట్టి, అట్టలు తన చేతిలోనే ఉంటయంటే విలువ తెలిసింది. పైసలు టైముకు ఇచ్చిండు. రెండో సేటు "ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు పైసలేంది?" అన్నడు. "బావిల నీళ్లు ఫ్రీనే సేట్, తోడి మోసినోళ్లకు కూలి ఇయ్యాలె కదా" అన్నదట మా పిల్ల. ఆయన ఇంకా రేపు మాపు అంటున్నడు. కాగితం రాయించుకోలేదు, అది మా తప్పే. మీటింగులో విని కూడా మరిచినం.

మన బస్తీల పిల్లలకు నేను చెప్పేది ఇది. పుణె, ముంబై, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై దిక్కు ఫాస్ యునైటెడ్ అనే సంస్థ తరఫున ఇసుంటి మీటప్‌లు అవుతయి. భివండి పిల్లలకు ముంబై ఎంత దూరం? హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ కంప్యూటర్‌నే తెలుగులో నడిపిచ్చేటట్టు చేసింది. పేరు కూడా సరిగ్గ పెట్టుకున్నరు. ఇంగ్లీషులో ఫ్రీ అంటే ఉచితమనీ అర్థం, స్వేచ్ఛ అనీ అర్థం. ఇక్కడ ముఖ్యం రెండోది. పోండి, కూర్చోండి, అడగండి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడకండి, టోపీ పెట్టుకొని నేనే కూర్చున్న. నౌకరీ మాత్రం ముందే ఇడవకండి. తల్లిదండ్రులారా, ఆడపిల్ల ఒక్కతే పోవద్దనిపిస్తే వద్దనకండి, తోడు పోండి.

పోయిన రెండు నెలల నుంచి మా గల్లీ గుడి హాల్లో కూడా ఆదివారం సాయంత్రం కూర్చుంటున్నరు. మా పిల్ల, ఇంకో ఐదుగురు. చాయ్ నేను పెడత. లిబ్రేఆఫీస్ అనే ఉచితంగ దొరికే దాంట్లో గళ్లు ఉంటయి, గ్రాఫ్ కాగితం లెక్క. నేను యాది చేసుకొని చెప్తుంటే, ఒక పిల్లగాడు ఒక్కో గడికి రంగు నింపుతున్నడు. నెమలి మెడ వచ్చింది, రెక్క వచ్చింది. తోక కాడ ఆగింది, నాకు సరిగ యాదికొస్తలేదు. ఆ చాదరు నేసినోళ్లు ఎవరన్నా ఉంటే ఆదివారం ఒకసారి రండి. పూర్తయినంక ఎవరికి కావాలంటే వాళ్లకు ఇస్తం.