పేట నుండి పట్నమునకు

2024 డిసెంబరు చివర హైదరాబాదు నగరమందు 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులు ట్రాఫిక్ సహాయకులుగా విధులలో చేరిరి. గోషామహల్ మైదానములో జరిగిన దేహదారుఢ్య పరీక్షలకు 58 మంది వచ్చిరి. 44 మంది ఎన్నికైరి. తుదకు 39 మంది యూనిఫారము ధరించి కూడళ్లలో నిలిచిరి. అంతకు ముందు దినము వరకు ఏ దీపస్తంభము క్రింద చేయి చాచిన వారిని చూచి కార్లవారు అద్దములు బిగించుకొనుచుండిరో, అట్టి దీపస్తంభముల క్రిందనే ఈ పిమ్మట అట్టి చేయి పైకెత్తినంతనే కార్లు ఆగవలసి వచ్చినది. ఈ వార్తను చదివి సంతసింపని వాడుండడు. మేమును సంతసించితిమి. అయినను ఆ సంతోషమును ఒక ప్రశ్న వెన్నాడుచున్నది. వీరిలో హైదరాబాదుననే పుట్టి పెరిగినవారెందరు? జిల్లాల నుండి ఇల్లు విడిచి వచ్చినవారెందరు? పట్నము వీరికి పని యిచ్చినదని మెచ్చుకొనుచున్నాము గాని, ఊరు వీరి నేల పొమ్మన్నదని అడుగుట లేదు.

నల్లగొండ సీమవారికి ఈ ప్రశ్న దూరపు ప్రశ్న గాదు. సూర్యాపేటవారు తమ ఊరిని పేట యనియు, హైదరాబాదును పట్నమనియు పిలుచుట వాడుక. పేట నుండి పట్నమునకు రాజమార్గము మీద మూడు గంటల ప్రయాణము. కోదాడ నుండి మరికొంత. మిర్యాలగూడ నుండి రైలునను పోవచ్చును. మగబిడ్డగా పుట్టినదని నలుగురు చెప్పిన బిడ్డ, తాను ఆడుదానినని లోలోన ఎరుంగును, పది పండ్రెండేండ్ల ప్రాయమున అది నడకలో, మాటలో బయటపడును, బడిలో హేళన, వీధిలో రాళ్లు, ఇంటిలో బెత్తము, పిమ్మట భూతవైద్యుడు, ఆ పిమ్మట పెండ్లి చేసిన కుదురుకొనునను బంధువుల సలహా. ఇవి అన్నియు అయిన పిమ్మట ఒకనాటి తెల్లవారుజామున ఆ బిడ్డ బస్సెక్కును. ఇందులో ఏ యొక్క యింటి కథయు మేము చెప్పుట లేదు. ఇది మూడు పట్టణముల కథ. మూడు వందల పట్టణముల కథ.

ఆ బస్సును గూర్చి యొక మాట. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరు 9వ తేదీ నుండి మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకును పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ మొసగినది. స్త్రీలతో పాటు ఒకే వాక్యములో వీరిని పేర్కొనుట చిన్న విషయము గాదు. కాని కండక్టరు అడుగునది గుర్తింపు కార్డు. ఆ కార్డు మీద నుండునది పుట్టుకనాటి పేరు, పురుషుడను గుర్తు. ఎదుట కూర్చున్నది చీర కట్టిన స్త్రీ. కండక్టరు ఏమి చేయును? వాని మంచితనమును బట్టి యుండును. హక్కు అనునది కండక్టరు మంచితనముపై నాధారపడినచో దానిని దయ యందురు గాని హక్కు అనరు.

సరే, కార్డు మార్చుకొనవచ్చును గదా యని పాఠకులు అందురు. 2014 ఏప్రిలు 15న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు రాధాకృష్ణన్, సిక్రీ గార్లు, తాను స్త్రీయో పురుషుడో మరియొకరో నిర్ణయించుకొను అధికారము ఆ వ్యక్తిదే యని తీర్పు చెప్పిరి. 2019లో పార్లమెంటు చేసిన చట్టము ఆ నిర్ణయమును ధ్రువపరచు పత్రమును జిల్లా మేజిస్ట్రేటు చేతిలో పెట్టినది. 2020 నాటి నియమములు, దరఖాస్తు పెట్టుకొను వ్యక్తి ఆ జిల్లాలో ఏడాది కాలము ఎడతెగక నివసించి యుండవలెనని విధించినవి. చూడుడు ఈ చిక్కు! పేటను విడిచి పట్నము చేరిన స్త్రీకి ఇల్లు అద్దెకిచ్చువాడు లేడు. అద్దె కాగితము లేనిదే నివాసమునకు ఋజువు లేదు. ఋజువు లేనిదే పత్రము లేదు. పత్రము లేనిదే కార్డు మారదు. కార్డు మారనిదే ఇల్లు అద్దెకిచ్చువాడు లేడు. పోనీ, పాత చిరునామాతో సూర్యాపేట కలెక్టరునకే దరఖాస్తు పెట్టుకొందమన్న, తరిమిన ఇంటి తలుపునే మరల తట్టవలెను.

ఇందొక పురాతన స్మృతి మా మనస్సునకు తోచుచున్నది. విరాటుని కొలువునకు బృహన్నల వచ్చినపుడు ఆ రాజు ఆమెను స్త్రీలచే పరీక్ష చేయించిన పిదపనే అంతఃపురమున నాట్యాచార్య పదవి యొసగెనని వ్యాసభారతము చెప్పుచున్నది. 2018 డిసెంబరులో లోక్‌సభ ఆమోదించిన బిల్లులో వీరిని పరీక్షించుటకు జిల్లా కమిటీలు ఏర్పరుపబడినవి. దేశమంతట నిరసన చెలరేగగా మరుసటి యేటి చట్టములో ఆ కమిటీలను వదలిరి. విరాటుని కాలము నుండి మనకు ఈ పరీక్షల మోజు తీరలేదు. అయినను విరాటుడు మనకంటె మేలు. పరీక్ష ముగిసిన పిమ్మట ఉద్యోగమిచ్చెను, నివాసమిచ్చెను, కన్నకూతురిని శిష్యురాలిగా నప్పగించెను. బృహన్నలకు అజ్ఞాతవాసము ఒక్క యేడు మాత్రమే. మన ఊళ్ల నుండి పోయినవారికి అట్టి గడువు లేదు. భారతము విని తల యూపుచు, శిఖండి ప్రశంస వచ్చినపుడు ధర్మసూక్ష్మములు చెప్పుకొనుచు, మేడ మీది గది ఖాళీగా నున్నను "మీవంటి వారికి ఇయ్యము" అను గృహస్థులను మేమెరుంగుదుము. శ్రీరామనవమి నాడు వేములవాడ రాజన్న గుడిలో హిజ్రాలు, శివసత్తులు, జోగినులు తలంబ్రాలు పోసికొని శివుని పెండ్లాడినపుడు జనము చేతులు జోడించును. మరునాడు ఆ జనమే వారిని చూచి వీధి దాటిపోవును.

ఇక పట్నము మాట. ఆశ్రయమిచ్చిన నగరమని నేడు కొనియాడబడు ఈ హైదరాబాదే ఒకప్పుడు వీరి పేర్లను పోలీసు పట్టికలో కెక్కించినది. 1329 ఫసలీ, అనగా 1919 నాటి నిజాం ప్రభుత్వ శాసనము నపుంసకుల శాసనమను పేర బరగినది. 1871లో ఆంగ్లేయులు ఉత్తర హిందూస్థానములో ప్రయోగించిన నేరస్థ జాతుల చట్టమునకు ఇది ప్రతిబింబము. బాలురను ఎత్తుకొనిపోవుదురను అనుమానమున్న వారి పేర్లు పట్టికలో నెక్కింపవలెను. అట్టివారు స్త్రీ వేషము ధరించి వీధిలో కనబడినను, ఆడినను, పాడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల దాక చెరసాల. నల్లగొండ జిల్లా నాడు నిజాం రాజ్యములోనిదే గావున సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు ఈ శాసనమునకు లోబడినవే. 1948లో నిజాం పాలన పోయినది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చినది. 2014లో తెలంగాణ వచ్చినది. శాసనము మాత్రము గ్రంథములో నట్లే యుండెను. దొరల గడులు కూలిన నేలమీద, సూర్యాపేట తాలూకా సాయుధ పోరాటమునకు గుండెకాయయై నిలిచిన నేలమీద, నిజాం చేసిన యీ యొక్క చట్టమును కూల్చుట ఎవ్వరికిని జ్ఞాపకము రాలేదు! తుదకు వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు 2018లో హైకోర్టు నాశ్రయించిరి. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి భాస్కరరెడ్డి గార్లు ఆ శాసనము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిరి. ఆసరా పింఛను వీరికిని ఇయ్యవలెననిరి. వీరి సంక్షేమమునకు బోర్డు నిలుపవలెననిరి. నూట నాలుగేండ్లు పట్టినది.

కావున నగరములకు పుట్టుకతో వచ్చిన ఔదార్యమేదియు లేదు. మా యభిప్రాయములో పేట బిడ్డను ఆదరించినది పట్నము గాదు. పట్నములో తనకంటె ముందు వచ్చి చేరిన తనవంటి వారు. బస్సు దిగిన రాత్రి అన్నము పెట్టి, గురువై, అమ్మయై, చేలాగా స్వీకరించినది హిజ్రాల ఇల్లే. ఆ ఇంటికి తన నియమములు గలవు, సంపాదనలో భాగమడుగును, బధాయికి పంపును, కొన్ని యెడల కఠినముగ నుండును. దాని దోషములను మేము కప్పిపుచ్చము. అయిన కన్నతల్లి మూసిన తలుపును తెరచినది ఆ యిల్లు.

చదువు గలవారికైన సుఖమున్నదా? ఖమ్మము నుండి వచ్చిన డాక్టరు రూత్ జాన్ పాల్, ఆదిలాబాదు సీమ నుండి వచ్చిన డాక్టరు ప్రాచీ రాథోడ్ గారల చరిత్ర పత్రికలలో వచ్చినదే. ఖమ్మము నుండి పట్నమునకు పోవు బస్సు సూర్యాపేట మీదుగనే పోవును. వైద్యపట్టము చేతనుండియు రూత్ గారిని నగరములోని పెక్కు ఆస్పత్రులు త్రిప్పి పంపినవి. ప్రాచీ గారు కొన్నియేండ్లు పనిచేసిన ప్రైవేటు ఆస్పత్రి, రోగులు రారని చెప్పి ఆమెను మాన్పించినది. 2022 నవంబరులో ఉస్మానియా ప్రభుత్వాస్పత్రి వారిరువురను వైద్యాధికారిణులుగా నియమించినది. 2023లో రూత్ గారు సనత్‌నగరు ఈఎస్‌ఐ వైద్య కళాశాలలో అత్యవసర వైద్యమున స్నాతకోత్తర విద్యకు సీటు సంపాదించిరి. రోగులు రారన్న మాట ఏమైనది? ప్రాణము మీదికి వచ్చినవాడు డాక్టరు చేతిని చూచును గాని డాక్టరు పుట్టుకను విచారింపడు. మరియొక యుదాహరణము: నారాయణగూడలో 2021 జనవరిలో వీరి కొఱకు వీరే నడుపు మిత్ర్ క్లినిక్ వెలసినది. అమెరికా ప్రభుత్వ ధనముతో నడచుచుండెను. 2025 ఆరంభమున ఆ ప్రభుత్వము విదేశ సాయమును నిలిపివేయగా తలుపులు మూయవలసి వచ్చినది. అటుపిమ్మట టాటా ట్రస్టుల సాయముతో సబ్‌రంగ్ అను పేర మరల తెరువబడినది. వాషింగ్టనులో ఒకడు సంతకము చేసినంత మాత్రమున నారాయణగూడలో మందుసీసా కరవగుట స్వరాజ్యము సంపాదించుకొనిన జాతికి శోభాకరమా?

ఉద్యోగ మొక్కటియే చాలదనుటకు కొచ్చిన్ సాక్షి. 2017లో కొచ్చి మెట్రో రైలు సంస్థ 23 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు కొలువిచ్చి దేశమంతట కీర్తి గడించినది. కొన్ని వారములు గడువక మునుపే ఎనమండుగురు మానివేసిరి. కారణము జీతము గాదు, పని గాదు. తల దాచుకొనుటకు గది దొరకకపోవుట. పగలు టిక్కెట్లిచ్చిన స్త్రీకి రాత్రి పండుకొన చోటు లేదు.

కావున మా దృష్టి తిరిగి పేట వైపే మరలుచున్నది. పరువు అను పేర మన పట్టణములలో ఏమేమి జరుగుచున్నవో మిర్యాలగూడవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 14న, కులాంతర వివాహము చేసికొనిన యువకుని, గర్భవతియగు భార్య చూచుచుండగా, ఆస్పత్రి ముంగిట నరికి చంపిరి. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవమును విధించినది. అల్లుని కులము సహింపని పరువే, కొడుకనుకొన్నవాడు కూతురై నిలిచిన దానిని సహింపదు. ఒకచోట కత్తి పట్టును, వేరొకచోట బస్సెక్కించును. రెండవది నిశ్శబ్దముగ జరుగును గావున దానిని నేరమని ఎవ్వరు ననుకొనరు. కాని అది నేరమే. 2019 చట్టము 18వ సెక్షనులో, ట్రాన్స్‌జెండరు వ్యక్తిని ఇంటి నుండి గాని, గ్రామము నుండి గాని వెడలగొట్టిన వారికి ఆరు నెలలకు తక్కువ గాకుండ రెండేండ్ల వరకు శిక్ష విధించిరి. నిజాం శాసనము వీధిలో ఆడిన హిజ్రాకు రెండేండ్లు వేసినది. నేటి శాసనము ఆమెను వీధిపాలు చేసినవానికి రెండేండ్లు వేసినది. ఈ తారతమ్యమును సూర్యాపేట, మిర్యాలగూడ పోలీసు ఠాణాల గోడలకు వ్రాసి వ్రేలాడదీయుట మంచిదని మా మనవి. తండ్రులను చెరసాలకు పంపుట మా కోరిక గాదు. కొట్టు చేయి వెనుకాడునట్లు చేయుటయే కోరిక.

మిగిలినవి పెద్ద కార్యములు గావు. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి; ఉస్మానియా చేసిన నియామకము ఇచ్చట ఏల చేయరాదు? 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము జిల్లాకొకటి చొప్పున 33 మైత్రి క్లినిక్కులను ఆరంభించినట్లు ప్రకటించినది. సూర్యాపేటలోని క్లినిక్కులో వైద్యుడు ఏ దినమున, ఏ వేళ కూర్చుండునో బస్సుస్టాండులో బోర్డు మీద వ్రాయించుటకు ఖర్చెంత? నివాసపు ఋజువు కొఱకు అద్దె కాగితమునకు మారుగా మునిసిపాలిటీ సభ్యుని సంతకము చాలునని కలెక్టరులు సిఫారసు చేయరాదా? సేలములో పుట్టి, ఇల్లు విడిచి మదరాసు చేరి, 2015లో హైకోర్టులో గెలిచిన ప్రితికా యాశిని గారిని 2017లో ధర్మపురి జిల్లాలో పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరుగా నియమించిరి. రాజధానిలో గాదు, జిల్లాలో. ట్రాఫిక్ సహాయకుల నియామకము హైదరాబాదుతో ఆరంభమైనది. విజయవాడ నుండి వచ్చు లారీలన్నియు కోదాడ మీదుగనే గదా వచ్చును! అచ్చటి కూడలిలో నిలువబెట్టుటకు ఇరువురు మనుష్యులు కావలెను. వారు కోదాడ బిడ్డలే యైనచో ఊరివారికి పేరు పెట్టి పలుకరింప వీలగును.