గాలికుంటు టీకాకు చల్లదనమే ప్రాణం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల రైతులకు గాలికుంటు కొత్త వ్యాధి కాదు. నాలుకపై, చిగుళ్లపై, గిట్టల మధ్య బొబ్బలు లేచి చితుకుతాయి. చొంగ కారుస్తూ పశువు మేత మానుతుంది. పెద్ద పశువులు సాధారణంగా మరణించవు కాని పాలు తగ్గుతాయి, సేద్యపు ఎద్దు అదనుకు అక్కరకు రాదు. లేగదూడలు గుండె కండరం దెబ్బతిని హఠాత్తుగా మరణించవచ్చు.

ఈ వైరస్ బలమూ, బలహీనతా దాని నిర్మాణంలోనే ఉన్నాయి. ఒంటిపోగు ఆర్.ఎన్.ఏ. చుట్టూ నాలుగు రకాల ప్రోటీన్లు, ఒక్కొక్కటి 60 చొప్పున, 20 ముఖాల కవచంగా అమరుతాయి. పైన కొవ్వు పొర లేనందున మామూలు సబ్బుకు ఇది సులభంగా లొంగదు. ఆమ్ల, క్షార ద్రావణాలకు మాత్రం నశిస్తుంది. అందుకే పశువుల పాకలను 4 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణంతో శుద్ధి చేయాలి.

వేడికి కూడా ఆ కవచం ముక్కలవుతుంది. టీకాలో ఉండేది నిర్జీవ వైరస్. దాని కవచం చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే తగిన రక్షణ కలుగుతుంది. కనుక టీకాను గడ్డకట్టనీయక, 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉంచాలి.

2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం క్రింద ఆరు నెలలకొకసారి ఉచితంగా టీకాలు వేస్తున్నారు. అయితే టీకా పొందిన పశువుల సంఖ్య ఒక్కటే విజయానికి కొలమానం కారాదు. నంద్యాల ఎండలలో ఐసుపెట్టె నుండి సూది వరకు చల్లదనం నిలిచిందా అన్నదీ నమోదు కావాలి. వేడికి చెడిన టీకా పశువును కాపాడదు. పైగా మరుసటి విడతపై రైతు నమ్మకాన్ని పోగొడుతుంది. ఈ కారణాన్ని గ్రామాలలో వివరించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.