వైద్యుని బకాయి కార్మికుని బాధయే

ఇచ్ఛాపూర్ అనగానే మన రైల్వే సోదరులకు శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం స్టేషను గుర్తుకు రావచ్చును. ఇది ఆ ఊరు కాదు. సూరత్ నుండి హజీరా పోవు దారిలో, పరిశ్రమల నడుమనున్న గుజరాత్ గ్రామం. తపాలా సోదరులు ఒకదానిని 532తోను, రెండవదానిని 394తోను వేరు చేయగలరు. కాని రెండు ఊళ్ళ శ్రామికులను వేధించే ప్రశ్న ఒక్కటే: జబ్బు చేసిననాడు చేతిలోని కార్డును ఆసుపత్రి అంగీకరిస్తుందా?

ఇచ్ఛాపూర్ కర్మాగారంలో ఇ.ఎస్.ఐ. పరిధిలోనున్న కార్మికుని వేతనం నుండి 0.75 శాతం చందా కోతపడుతుంది. యజమాని వంతు 3.25 శాతం. ఆ చందా ఆలస్యమైతే యజమాని వడ్డీతో చెల్లించవలెనన్నది 1948 చట్టంలో ఉండిన సూత్రం. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతిలోనూ వడ్డీ నిబంధన ఉన్నది. డబ్బు లోనికి వచ్చే దారిలో ఇంత కట్టుదిట్టం కలదు. వైద్యం చేసినవారికి చెల్లించే దారిలోనూ అంతే కట్టుదిట్టం ఉండవద్దా?

బకాయిలు పేరుకొనిన ఫలితమేమో తెలుగువారు కళ్ళారా చూచినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే నెలలోను, 2025 అక్టోబరులోను, తెలంగాణలో 2025 సెప్టెంబరులోను అనేక ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్య పథకాల క్రింద సేవలను నిలిపివేసినవి. తగవు ప్రభుత్వానికి, ఆసుపత్రులకు. గుమ్మం వద్ద నిలబడినవాడు రోగి.

వైద్యుల బాకీతో మనకేమి పని అని కొందరు మిత్రులు అడుగుతారు. బిల్లు రాని ఆసుపత్రి మొదట మన వద్ద అడ్వాన్సు కోరును. పిదప ఒప్పందం నుండి తప్పుకొనును. పెద్ద ఆసుపత్రి కొంతకాలం ఓర్చుకొనగలదు. చిన్న పట్టణంలోని వైద్యుడు నర్సుల జీతాలకు అప్పు చేయవలసివచ్చును. రైల్వేలోను, తపాలా శాఖలోను మన వైద్యానికి బయటి ఆసుపత్రుల బిల్లులు చెల్లించవలసినది మన యాజమాన్యమే గనుక ఈ విషయం మనకు మరింత దగ్గరిది.

చట్టంలో దారులు లేకపోలేదు. రావలసిన సొమ్ముకై సాధారణంగా మూడు సంవత్సరాలలోగా సివిల్ దావా వేయవచ్చును. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి చట్టం అండగా ఉన్నది. ఒప్పందంలో ఏమి వ్రాసికొన్నను చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఆ చట్టం క్రింద ఏర్పడిన మండలిని ఆశ్రయించవచ్చును. ఒప్పందపు విషయమైనను ప్రభుత్వ సంస్థ నిరంకుశంగా వ్యవహరించినచో రిట్ పిటిషన్ చెల్లునని 2003లో ఎ.బి.ఎల్. ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఐనను దావా వేసినచో జాబితా నుండి పేరు తొలగింతురేమోనన్న భయం చిన్న వైద్యుని వెనుకకు లాగుచున్నది. భయపడుచు వాడుకొనవలసిన హక్కు సగం హక్కే. ఈ భయం మేనెలాఖరు జీతానికై ఎదురుచూచే ఉద్యోగికి క్రొత్తది కాదు.

దొంగబిల్లులను తనిఖీ చేయవద్దా? తప్పక చేయవలెను. కాని తగవున్న పద్దును మాత్రమే ఆపి, తగవులేని సొమ్మును గడువులోగా చెల్లించవలెను. ఒక పద్దుపై అనుమానంతో బిల్లంతా ఆపుట తనిఖీ కాదు, ఎగవేత.

కావున మన శాఖలన్నియు మూడు కోర్కెలతో తీర్మానాలు చేయవలెనని కోరుచున్నాము. ఒకటి: వైద్యబిల్లులకు చట్టబద్ధమైన గడువు, గడువు దాటిన నాటినుండి అడుగకయే వడ్డీ. రెండు: బకాయి కోరినందుకు ఏ వైద్యుని పేరూ జాబితా నుండి తొలగించరాదు. మూడు: ఈ బకాయిని ఏ రూపంలోను రోగి నుండి రాబట్టరాదు.

మన చందా గడువు తప్పదు. మన వైద్యుని బిల్లూ తప్పరాదు.