రాత్రి వోల్టేజీకి మైకుసెట్లు బలి

గుడుల్లో, భజన మందిరాల్లో పాత వాల్వు మైకుసెట్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. పొలాల మోటార్లు ఆగాక వోల్టేజీ 250కి ఎగబాకితే ముందు దెబ్బతినేవి ఇవే. 220 ట్యాపింగుకు కలిపిన సెట్టులో వాల్వులకు వెళ్లే హెచ్.టి. 400 వోల్టులుండేది 450 దాటుతుంది. చాలా కండెన్సర్లు తట్టుకునేది అంతవరకే. 6.3 వోల్టుల ఫిలమెంటుకు 7 పైగా అందుతుంది. ఫ్యూజు పోయిందని లావు తీగ చుట్టడం సెట్టును చేజేతులా కాల్చుకోవడమే. సెట్టు ట్రాన్స్‌ఫార్మరుకు 240 ట్యాపింగు ఉంటే మెకానిక్కు చేత మార్పించాలి, లేకుంటే స్టెబిలైజరు పెట్టాలి. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉంటుంది గనుక తెలియనివారు చేయి పెట్టరాదు.

అయితే ఈ ఖర్చంతా భజన సంఘాలే భరించాలా? 230 వోల్టులకు 6 శాతం మించి హెచ్చుతగ్గులు ఉండరాదన్నది నిబంధన. అంటే 244 దాటరాదు. విద్యుత్ సిబ్బంది పగలు కాక రాత్రి పది గంటలకు మీటరు పట్టి చూడాలి. వదులైన న్యూట్రల్ తీగలను వెంటనే బిగించాలి.