పట్టాలు ఆగిన రేవు

భీమవరం జంక్షన్‌లో చీలిన రైలుమార్గం వీరవాసరం, పాలకొల్లు దాటి నరసాపురంలో ముగుస్తుంది. ఆ తర్వాత వశిష్ఠ గోదావరి. అవతలి గట్టున సఖినేటిపల్లి, దాని వెనక కోనసీమ. ఊరు పెద్దదని రైళ్లు ఇక్కడ ఆగిపోవడం లేదు, గోదారి అడ్డొచ్చి ఆగుతున్నాయి.

రైలుకు చాలా ముందే ఈ దారి ఎగుమతుల దారి. 17వ శతాబ్దంలో ఇంగ్లిషువారు వీరవాసరంలోను, డచ్చివారు పాలకొల్లులోను వర్తకశాలలు పెట్టారు. నరసాపురాన్ని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ కొఠీ వెలిసింది. ఇక్కడి నూలుబట్ట ఐరోపా అంగళ్లలో ఈ పల్లె పేరు మీదే అమ్ముడుపోయింది. నరసాపురంలో సముద్రానికి వెళ్లే ఓడలూ కట్టారు. తర్వాత మిల్లుబట్ట వచ్చి మగ్గాన్ని దెబ్బతీసింది, నదీముఖం ఇసుకతో మేటవేసింది. ధవళేశ్వరం ఆనకట్టతోపాటు తవ్విన కాలువల మీద పడవలు తిరగడం మొదలయ్యాక డెల్టా సరుకు కాకినాడ రేవు వైపు మళ్లింది. 20వ శతాబ్దంలో నరసాపురానికి రైలు వచ్చేసరికి, అది అందుకోవలసిన ఓడలు లేవు.

రేవుపట్నాల్లో స్టేషన్ల కథ సాధారణంగా ఇలా ఉండదు. కరీబియన్‌లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌ను తీసుకుంటే, అక్కడ 1845లోనే రైలు నడిచింది. తోటల సరుకును ఓడ దగ్గరికి చేర్చడమే దాని ముఖ్యమైన పని. 1992లో ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాక ఆ స్టేషన్ మూగబోయింది, ఓడరేవు మాత్రం ఇప్పటికీ పెద్దదే. నరసాపురంలో రేవు వ్యాపారం పోయి స్టేషన్ మిగిలింది.

మిగలడమే కాదు, పెరిగింది. సాయంత్రం ఇక్కడ ఎక్కినవారు తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగుతారు. షిరిడీ వెళ్లేవారికి నాగర్‌సోల్ రైలుంది. రైలు ఇక్కడే బయల్దేరుతుంది కాబట్టి పెట్టెలు ఖాళీగా ప్లాట్‌ఫారానికొస్తాయి. జనరల్ పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికే అవకాశం పాలకొల్లులో ఎక్కేవారికంటే ఇక్కడివారికే ఎక్కువ. ఈ సౌఖ్యం చిన్నదేమీ కాదు. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం, మచిలీపట్నం, నిడదవోలు శాఖలతో కలిపి 221 కిలోమీటర్లలో రెండో లైను, విద్యుదీకరణ పూర్తయ్యాక ప్రయాణానికి పట్టే సమయమూ తగ్గింది.

నది దాటడమే మిగిలింది. కాకినాడ–కోటిపల్లి మార్గం 1928లో మొదలై, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకేయగా పోయింది. 2004లో మళ్లీ వచ్చింది. దాన్ని కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురానికి కలపాలని 2000–01లో మంజూరు చేశారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి పట్టుదల దాని వెనక ఉంది. పొడవు 57 కిలోమీటర్లే గాని గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. నదిలో స్తంభాలు లేచినా, భూసేకరణ, ఖర్చులో రాష్ట్రం భరించాల్సిన వాటా అన్న రెండు పేచీల మధ్య పని ఏళ్ల తరబడి నలిగింది. డెల్టాలో భూమి ఖరీదూ, కొబ్బరితోట వదులుకోవడం రైతుకు ఎంత కష్టమో తెలిసినవారికి మొదటి పేచీ ఆశ్చర్యం కలిగించదు. రెండోదానికి మాత్రం సాకు లేదు.

లైను పడితే నరసాపురం దారిలో వచ్చే మామూలు స్టేషన్ అయిపోతుందన్న బెంగ ఊళ్లో కొందరికి ఉండవచ్చు. ఖాళీ పెట్టెల సౌఖ్యం కొంత పోవచ్చు కూడా. అయినా కోనసీమకు రైలు లేకపోవడం ముందు అది లెక్కలోకి రాదు.

ప్రస్తుతానికి భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం చూడబోయేవారు నరసాపురంలో రైలు దిగి, ఆటోలో మాధవాయిపాలెం రేవుకు వెళ్లి, మోటారుసైకిళ్ల మధ్య పంటు మీద నిలబడి సఖినేటిపల్లి చేరి, అక్కడ బస్సెక్కుతున్నారు. వరద వస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు పాలకొల్లు వైపు వెనక్కి వెళ్లి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి.