కుందేలు చెవుల టోపీ అల్లుతున్నారా?

చలికాలం రాగానే మనవడికి కుందేలు చెవుల టోపీ, తాతయ్యకూ అదే రంగు టోపీ క్రోషేతో అల్లే బామ్మలున్న ఇళ్లంటే నాకు ముచ్చట. తప్పక అల్లండి, చలిగాలిలోకి వెళ్లేటప్పుడు పెట్టండి. కానీ 3 ఏళ్లలోపు పిల్లల టోపీకి గుండీలు, పూసలు కుట్టొద్దు. ఊడితే నోట్లోకి, అక్కణ్నుంచి శ్వాసనాళంలోకి పోవచ్చు. కళ్లు, ముక్కు ఊలుతోనే అల్లండి. గడ్డం కింద తాళ్లూ వద్దు, మెడకు బిగుసుకోవచ్చు.

ఇంట్లో పసిబిడ్డను పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయండి. ఒంట్లో ఎక్కువైన వేడి తల నుంచీ బయటికి పోవాలి. టోపీ జారి ముక్కు మూసుకునే ప్రమాదమూ ఉంది. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి, ఛాతీ తాకి చూడండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాత్రం డాక్టర్ చెప్పినట్టే చేయండి.

జలుబు తెచ్చేది వైరస్, టోపీ లేని తల కాదు. పడుకున్న బిడ్డకు టోపీ తీసేసిన కోడలిని కోప్పడకండి.